రాత్రి పది తరువాత చదువు

ఫ్రంట్ ఎండ్ పని చేసే మనవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే, వీసా కబుర్లు, ఇళ్ళ ధరలు అయ్యాక, మాటలు ఎటు తిరిగినా చివరికి ఒక ప్రశ్న దగ్గర ఆగుతాయి: “ఇప్పుడు ఏది నేర్చుకుంటే మంచిదంటారు?” నిరుడు ఎమ్మెస్ పూర్తి చేసి ఉద్యోగంలో చేరిన కుర్రాడూ అదే అడుగుతాడు, పదిహేనేళ్ళ అనుభవం ఉన్నాయనా అదే అడుగుతాడు. డాక్టర్లూ, సివిల్ ఇంజనీర్లూ కూడా జీవితాంతం నేర్చుకుంటూనే ఉంటారు. కానీ నిన్నటిదాకా నేర్చుకున్నదంతా రేపు చెల్లకుండా పోతుందేమోనన్న బెంగ వాళ్ళలో ఇంతగా కనబడదు.

“సరే, ఎప్పుడు నేర్చుకుంటారు?” అని ఎదురు అడిగి చూడండి. పగలంతా టికెట్లు, మీటింగులు. సాయంత్రం పిల్లల్ని ఈత క్లాసుకో సంగీతం క్లాసుకో తిప్పడం. భోజనాలయ్యాక హైదరాబాదు టీముతో ఫోను. అవన్నీ అయ్యాక, ఇంట్లో అందరూ పడుకున్నాక, రాత్రి పది తరువాత ఒక వీడియో పాఠం.

ఈ వ్యాసం ఆ రాత్రి పది గురించి. నేను చెప్పదలచుకున్నవి రెండు ముక్కలు. మనల్ని తరుముతున్న భయంలో సగానికి ఆధారం లేదు. వెబ్ కింద ఉన్న నేల మనం అనుకుంటున్నంతగా కదలడం లేదు. రెండో సగం నిజమే గాని, అది పని అమర్చిన తీరు వల్ల వచ్చింది. దానికి మందు వెతకవలసింది కూడా ఆఫీసు వేళల్లోనే, మన నిద్రలో కాదు.

మారినవి

భయానికి కారణం లేదని ఎవరూ అనరు. తేదీలు వేసుకుని చూస్తే చాలు. 2006లో జేక్వెరీ వచ్చింది. 2010లో బ్యాక్‌బోన్, యాంగులర్‌జేఎస్ వచ్చాయి, మరుసటి ఏడు ఎంబర్. 2013 మేలో రియాక్ట్‌ని బయటి ప్రపంచానికి విడుదల చేశారు, 2014లో వ్యూ వచ్చింది, 2016లో స్వెల్ట్. వీటితో పాటు పనిముట్ల వరస వేరే ఉంది: గ్రంట్, గల్ప్, బవర్, వెబ్‌ప్యాక్, 2020లో వీట్. రియాక్ట్ నేర్చుకునే ప్రతివాడూ మొదట టైపు చేసిన క్రియేట్ రియాక్ట్ యాప్‌ని కూడా 2025 ఫిబ్రవరిలో ‘ఇక వాడకండి’ అని పక్కన పెట్టేశారు.

ఒకే పేరు కింద లోపలి సరుకంతా మారిపోవడం మరొక తంతు. 2014 అక్టోబరులో యాంగులర్ రెండో రూపాన్ని ప్రకటించినప్పుడు, పాతదానికీ కొత్తదానికీ పొత్తు కుదరదని తేలింది. అప్పటికే పాతదాంట్లో పెద్ద పెద్ద అప్లికేషన్లు కట్టుకున్న వాళ్ళు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. కొత్తది 2016 సెప్టెంబరులో వచ్చింది, పాతదానికి ఆసరా 2021 డిసెంబరు 31తో ముగిసింది. రియాక్ట్‌లో 2019 ఫిబ్రవరిలో హుక్స్ వచ్చాయి. పాత క్లాసుల పద్ధతిని తీసెయ్యమనీ, ఉన్న కోడ్‌ని తిరగరాయనక్కర లేదనీ ఆ టీము వాళ్ళే స్పష్టంగా చెప్పారు. అయినా కొన్నాళ్ళకే ఇంటర్వ్యూల్లో క్లాసు రాసిన వాణ్ణి పాతకాలపు మనిషిని చూసినట్టు చూడడం మొదలైంది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెత మనవాళ్ళు ఫ్రంట్ ఎండ్‌ని చూడకుండానే చెప్పారు.

2015 చివరికల్లా ఈ అవస్థకి ‘జావాస్క్రిప్ట్ ఫెటీగ్’ అని ఒక పేరు కూడా స్థిరపడింది. పేరు వచ్చి ఇన్నేళ్ళయినా జబ్బు తగ్గలేదు.

మారనివి

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. 1991లో టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గరి సెర్న్‌లో పెట్టిన మొట్టమొదటి వెబ్ పేజీని, 2013లో ఆ సంస్థ వాళ్ళే పాత చిరునామాలో మళ్ళీ నిలబెట్టారు. అది ఈనాటి ఫోనులోని బ్రౌజరులో కూడా చక్కగా తెరుచుకుంటుంది. అదే కాలంలో ఫ్లాపీలో దాచుకున్న వర్డ్‌స్టార్ ఫైలుని ఈరోజు తెరవాలంటే ఎంత తంటాలు పడాలో ఆలోచించండి.

ఇలా నిలబడడం వెనక గట్టి నియమం ఉంది. బ్రౌజర్లు తయారుచేసే వాళ్ళూ, భాషా ప్రమాణాలు రాసే వాళ్ళూ ‘ఉన్న వెబ్‌ని పాడుచెయ్యకూడదు’ అన్న మాటకి కట్టుబడి ఉంటారు. 2018లో జరిగిన ఒక ముచ్చట దీనికి మంచి ఉదాహరణ. జావాస్క్రిప్టులో ఒక జాబితా లోపల ఉన్న జాబితాల్ని విప్పి ఒకే జాబితాగా పరిచే సౌకర్యానికి ‘ఫ్లాటెన్’ అని పేరు పెట్టబోయారు. ఫైర్‌ఫాక్స్ పరీక్షా ప్రతిలో పెట్టి చూస్తే ఒక పాత సైటు పాడయింది. కారణం మూటూల్స్ అనే పాత లైబ్రరీ. అందులో అప్పటికే అదే పేరుతో సొంత ఫ్లాటెన్ ఒకటి ఉంది. కొత్త సైట్లలో మూటూల్స్ వాడేవాళ్ళు అప్పటికి దాదాపు లేరు. అయినా, ఎప్పుడో కట్టి వదిలేసిన ఆ సైట్ల కోసం భాషే తన పేరు మార్చుకుంది. ఈనాడు మనం వాడుతున్న ‘ఫ్లాట్’ అలా వచ్చింది. ఇంతగా పాతని కాపాడే వేదిక కంప్యూటర్ల లోకంలో మరొకటి చూపించడం కష్టం.

ఇంకొకటి కూడా గమనించాలి. లైబ్రరీలు పోయినా, వాటిలో పనికొచ్చిన భాగం మెల్లగా నేలలోకి ఇంకుతుంది. జేక్వెరీలో మనం మురిసిపోయిన ఎంపిక పద్ధతి తరువాత బ్రౌజరులోనే ‘క్వెరీ సెలెక్టర్’గా వచ్చింది. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 వరసల కోడ్‌ని ఎన్‌పీఎం నుంచి తీసేస్తే ప్రపంచం నలుమూలలా బిల్డ్‌లు ఆగిపోయాయి. మరుసటి ఏడే, 2017 ప్రమాణంలో, ఆ పని చేసే సౌకర్యం భాషలోనే చేరింది. సాస్‌లో రాసుకున్న నెస్టింగ్ 2023 నాటికి సీఎస్‌ఎస్‌లోకే వచ్చేసింది.

ఇది తెలుగు చదువరులకి మరీ బాగా తెలిసిన కథ. 2000ల మొదట్లో తెలుగు పత్రికల సైట్లు చాలావరకు ఎవరి ఫాంటు వాళ్ళవే. ఒక సైటుకి ఒక ఫాంటు దించుకోవాలి, ఇంకో సైటుకి ఇంకొకటి. ఒకదాంట్లోంచి అక్షరాలు తీసి వేరేచోట అతికిస్తే పిచ్చిగీతలు వచ్చేవి. ఆ గీతల్ని యూనికోడ్‌లోకి మార్చుకోవడానికి ‘పద్మ’ అనే పనిముట్టు తగిలించుకుని చదువుకున్న రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నాటి మొదటి ప్రతిలోనే చోటు దొరికింది. ప్రమాణాన్ని నమ్ముకుని అందులో రాసినవి ఈరోజుకీ చదవగలుగుతున్నాం, వెతకగలుగుతున్నాం. సొంత ఫాంటుల్లో ఉండిపోయినవి ఫాంటుతో పాటే మూగపోయాయి.

అలాగని దేని మీద ఆధారపడ్డా ఒకటేనని కాదు. ఫ్లాష్‌లో పండిపోయిన వాళ్ళ నేర్పు 2020 డిసెంబరు 31తో నిజంగానే మూలపడింది. కానీ ఫ్లాష్ బ్రౌజరు సొంత భాష కాదు, ఒక కంపెనీ బయటినుంచి తగిలించిన ముక్క. పదేళ్ళ తరువాత కూడా చెల్లే చదువేదో తేల్చుకోవడానికి ఇదే గీటురాయి. హెచ్‌టీఎంఎల్‌లో ఏ ట్యాగు ఎందుకుందో, సీఎస్‌ఎస్‌లో పేజీ ఎలా అమరుతుందో, బ్రౌజరు ఒక అభ్యర్థనని ఎలా పంపి ఎలా గీస్తుందో, కీబోర్డు మాత్రమే వాడగలిగే మనిషికి పేజీ ఎలా అందుతుందో తెలిసినవాడికి ఫ్రేమ్‌వర్క్ మారితే కొన్ని వారాల శ్రమ. అవి తెలియకుండా ఫ్రేమ్‌వర్క్ ఒక్కటే తెలిసినవాడికి ప్రతి మార్పూ మొదటి తరగతే.

అమీర్‌పేట అలవాటు

ఇక్కడ మనవాళ్ళకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. హైదరాబాదులో అమీర్‌పేట, మైత్రీవనం చుట్టుపక్కల గోడల నిండా వేలాడే కోర్సుల బోర్డులు ఎవరు మరిచిపోతారు? ఒక ఏడు జావా, ఒక ఏడు శాప్, ఒక ఏడు టెస్టింగు. ఏది ‘నడుస్తోంది’ అని కనుక్కోవడం, నెలా రెండు నెలల్లో కోర్సు పట్టడం, రెజ్యూమేలో చేర్చడం. దాన్ని నేను తక్కువ చెయ్యబోవడం లేదు. తండ్రి పొలం అమ్మి చదివించిన కుర్రాడికి అదొక నిచ్చెన. ఎన్నో ఇళ్ళు ఆ నిచ్చెన మీద ఎక్కి పైకొచ్చాయి.

అయితే నిచ్చెన ఎక్కాక కూడా మనం దాన్ని భుజాన వేసుకునే తిరుగుతున్నాం. సాంకేతిక విద్య అంటే రాత్రిపూట ఒంటరిగా పూర్తి చెయ్యవలసిన కోర్సు అనీ, పూర్తి చెయ్యనివాడు ర్యాంకు పోగొట్టుకుంటాడనీ మన రక్తంలో ఉంది. ఇంటర్మీడియట్ హాస్టల్లో తెల్లవారుజామున లేపి చదివించినప్పుడు పట్టిన అలవాటు అది. ఎంసెట్‌కి ఒక తేదీ ఉండేది, పరీక్ష అయిపోతే నిద్రపోగలిగేవాళ్ళం. ఫ్రంట్ ఎండ్‌కి ఆ తేదీ లేదు. ముగింపు లేని పరీక్షకి పరీక్షల నాటి పద్ధతిలో చదివితే మనిషి తెగిపోతాడు.

అలసట ఎక్కడ పుడుతుంది

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ పదకొండో ప్రతిలో ‘బర్నౌట్’ని వివరించింది. దాన్ని జబ్బుగా కాక వృత్తికి సంబంధించిన స్థితిగా పేర్కొంది. పనిచోట ఎడతెగని ఒత్తిడిని సరిగ్గా సంభాళించకపోవడం వల్ల పుట్టేది అంది. లక్షణాలు మూడు చెప్పింది: ఒంట్లో శక్తి ఇంకిపోవడం, చేసే పని మీద విరక్తి, ‘నా వల్ల ఏమీ కావడం లేదు’ అన్న భావన. మూడోది చదివినప్పుడు నాకు ఫ్రంట్ ఎండ్ వాళ్ళే కళ్ళ ముందు మెదిలారు. నిన్న బాగా చేతనైన పని ఈరోజు కొత్త పేరుతో వచ్చి చేతకానట్టు అనిపిస్తే, ఆ భావన కాక ఇంకేం మిగులుతుంది?

ఈ విషయం మీద దశాబ్దాలుగా పనిచేసిన క్రిస్టినా మాస్లాక్, పని భారంతో పాటు, తన పని మీద తనకి అదుపు లేకపోవడాన్ని కూడా ముఖ్య కారణాల్లో ఒకటిగా చెబుతారు. ఫ్రంట్ ఎండ్‌లో ఈ అదుపు మరీ తక్కువ. డేటాబేసు లోపల పట్టికలు ఎలా పెట్టారో ఎవరూ అడగరు. బటను రంగు మీద మాత్రం మేనేజరు నుంచి మార్కెటింగు వాళ్ళ వరకు అందరికీ అభిప్రాయం ఉంటుంది. కంటికి కనబడేది కాబట్టి తేలికనుకుంటారు. “బటనే కదా, సాయంత్రానికి అయిపోతుందిగా” అంటారు. ఆ బటను చిన్న తెర మీదా, చీకటి రంగుల్లోనూ, చూపు లేనివారికి చదివి వినిపించే పనిముట్టులోనూ పనిచెయ్యాలని వాళ్ళకి తట్టదు.

దీని మీద, అమెరికాలో ఉన్నవాళ్ళకి గోరుచుట్టు మీద రోకటిపోటులా వీసా. 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, హెచ్-1బి మీద ఉన్నవారి ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికో, స్థితి మార్చుకోవడానికో గరిష్ఠంగా 60 రోజులు. మెటా 2022 నవంబరులో 11,000 మందిని, గూగుల్ 2023 జనవరిలో 12,000 మందిని తీసేస్తున్నామని ప్రకటించినప్పుడు, ఈ 60 రోజుల లెక్క ఎన్ని ఇళ్ళలో వేసుకున్నారో మనకి తెలుసు. పిల్లల బడి, ఇంటి అప్పు, ఊళ్ళో అమ్మానాన్నల మందులు, అన్నీ ఆ అరవైలో ఇమడాలి. అలాంటి మనిషికి ‘రాత్రుళ్ళు చదవడం మానేసి హాయిగా పడుకో’ అని సలహా ఇవ్వడం తేలిక. అతను రాత్రి పది తరువాత చదివేది ఆసక్తితో కాదు, భీమా కట్టినట్టు. అందుకే యోగా క్లాసో, ధ్యానం యాప్‌కి చందానో ఇచ్చి చేతులు దులుపుకునే కంపెనీల పద్ధతి నాకు మింగుడు పడదు. ధ్యానం మంచిదే. కానీ ఆ యాప్ ఇచ్చిన చేతులే రెండు వారాల్లో మొత్తం అప్లికేషన్ కొత్త ఫ్రేమ్‌వర్క్‌లోకి మార్చమని గడువు కూడా ఇస్తున్నాయి.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఈ జాబితాలో ఇంకొక బెంగ చేరింది. నిమిషాల్లో ఒక ఫారం రాసిచ్చే యంత్రం ఉంటే మనమెందుకన్న ప్రశ్న న్యాయమైనదే. రేపు ఏమవుతుందో జోస్యం చెప్పడానికి నేను సిద్ధాంతిని కాను. యంత్రం రాసిచ్చిన ఫారంలో లేబుల్ ఉందో లేదో, అది కీబోర్డుతో నడుస్తుందో లేదో చూసి చెప్పవలసినవాడికి కావలసింది మాత్రం పైన చెప్పిన నేల చదువే. కొత్త పనిముట్టు వచ్చిన ప్రతిసారీ దాన్ని నేర్చుకునే భారం మళ్ళీ రాత్రి పది తరువాతకే తోసెయ్యడం, రెట్టింపు పని మాత్రం పగలు అడగడం, ఇదే అసలు పాత జబ్బు.

ఏం చెయ్యవచ్చు

ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది ఇప్పుడు లీడ్‌లు, మేనేజర్లు, ఇంటర్వ్యూ బల్లకి అవతలి వైపు కూర్చునేవాళ్ళు. అంచేత మొదటి మాటలు వాళ్ళకే.

ఒకటి, నేర్చుకునే కాలాన్ని అంచనాలో చూపించండి. కొత్త లైబ్రరీ వాడాలని నిర్ణయించినప్పుడు, టీములో ప్రతి ఒక్కరూ దాన్ని నేర్చుకోవడానికి పట్టే రోజులు కూడా ఆ ప్రాజెక్టు ఖర్చే. దాన్ని లెక్కలో చూపకపోతే ఆ ఖర్చు మాయమవదు, మీ టీములో వాళ్ళ ఇళ్ళకి బదిలీ అవుతుంది. ఖర్చు కాగితం మీద కనబడితే సగం తిరగరాతలు అక్కడే ఆగిపోతాయి.

రెండు, తిరగరాయమని అడిగిన వాళ్ళని, ‘దీనివల్ల వాడేవాళ్ళకి ఏం ఒరుగుతుంది?’ అని అడగండి. వెబ్ఎయిమ్ అనే సంస్థ ఏటా పది లక్షల సైట్ల ముఖపుటల్ని పరీక్షిస్తుంది. 2024లో వాటిలో 95.9 శాతం పుటల్లో, వైకల్యం ఉన్నవారికి అడ్డొచ్చే లోపాలు యంత్రానికే దొరికాయి. ఐదింట నాలుగు పుటల్లో అక్షరాల రంగు, వెనక రంగు కలిసిపోయి చదవడం కష్టంగా ఉంది. వీటిని దిద్దడానికి ఏ కొత్త ఫ్రేమ్‌వర్కూ అక్కర్లేదు. మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె అన్నట్టుంది మన వ్యవహారం. పైగా ఇలాంటి పని చేసిన రోజున, ఎవరికో ఉపయోగపడ్డామన్న తృప్తి ఉంటుంది. ‘నా వల్ల ఏమీ కావడం లేదు’ అన్న భావనకి అంతకన్నా మంచి మందు నాకు తెలియదు.

మూడు, ఉద్యోగ ప్రకటనలో పది పేర్లు పేర్చకండి. ఇంటర్వ్యూలో గత నెల వచ్చిన సౌకర్యం గురించి అడిగి గెలిచినట్టు నవ్వకండి. బల్లకి ఇవతల కూర్చున్నవాడు రాత్రుళ్ళు ఎందుకు చదువుతున్నాడంటే, మీరు అది అడుగుతారనే.

ఇక మనకి మనం చెప్పుకోవలసినవి. పని వేళల్లోనే రోజుకి అరగంట నేల చదువుకి కేటాయించి, స్టాండప్‌లో ఆ మాట సిగ్గుపడకుండా చెప్పవచ్చు. వీసా భయం ఉన్నవాడికి ఇది అంత తేలిక కాదని తెలుసు. అందుకే గ్రీన్ కార్డో పౌరసత్వమో వచ్చి, కాస్త గట్టి నేల మీద నిలబడ్డవాళ్ళు ముందుగా నోరు విప్పాలి. మీరు ఒకసారి “దీనికి మూడు వారాలు కావాలి, రాత్రుళ్ళు కాదు, పగళ్ళు” అంటే, పక్కన ఉన్న కుర్రాడికి ఆ మాట అనే హక్కు ఉందని తెలుస్తుంది. హైదరాబాదు టీముతో ఫోను వేళని వారానికోసారైనా అటూ ఇటూ మార్చి, రాత్రి భారాన్ని రెండు వైపులా పంచుకోవడం కూడా ఇందులో భాగమే. అక్కడ రాత్రి పదిన్నరకి కూర్చున్నవాళ్ళకీ పిల్లలున్నారు.

ఇంత చెప్పినా, సరదాగా రాత్రి కూర్చుని కొత్త వస్తువుతో ఆడుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళ ఆనందానికి నేను అడ్డుపడను, ఈ రంగం అలాంటి వాళ్ళ చేతుల్లోనే పెరిగింది. ఆడుకోవడానికీ భయపడి చదవడానికీ తేడా చెయ్యిపట్టుకుని చూపించనక్కర లేదు. పొద్దున్న లేచేటప్పటి ఒంటికే తెలుస్తుంది. రేపు రాత్రి పదికి లాప్‌టాప్ తెరిచేముందు ఆ ఒంటి మాట ఒక్కసారి వినండి. మీరు చదవబోతున్నది మీ కంపెనీ పనికోసమే అయితే, దాన్ని పొద్దున్న తొమ్మిదికి తెరవండి.